నీళ్లకు లొంగని పొగ

పెళ్లయి చిట్కుల్‌కి కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన నాకు చెప్పిన కబుర్లన్నీ గంధకం గురించే. ఆయన పని యాసిడ్ ఫ్యాక్టరీలో. గంధకాన్ని కాల్చి, ఆ పొగను సల్ఫర్ ట్రయాక్సైడ్ అనే వాయువుగా మారుస్తారట. "దాన్ని నీళ్లలో కలిపితే యాసిడ్ వచ్చేస్తుందిగా" అన్నాను, పెద్ద తెలిసినట్టు. ఆయన అన్నం కలపడం ఆపేశారు.

"నీళ్లు తగిలితే అది బుసకొడుతుంది. తెల్లటి పొగమంచై ఊరందరినీ దగ్గిస్తుంది. దాన్ని ముందే తయారైన చిక్కటి యాసిడ్‌కే అప్పజెప్పాలి. అందులో నోరెత్తకుండా కలిసిపోతుంది. నీళ్లు ఆ తర్వాతే."

ఇంత తెలిసిన మనిషి ఒకరోజు షిఫ్ట్ ఇన్‌చార్జితో గొడవపడి, హెల్మెట్ బల్ల మీద పెట్టి వచ్చేశారు. సామాను సర్దు, మా ఊరు పోదాం అన్నారు. అక్కడ అత్తగారి వంటింట్లో ఉప్పు డబ్బా ముట్టాలన్నా అడిగి ముట్టాలి. ఇక్కడ ఒక్కటే గది, పైన రేకులు. అయినా పొయ్యి నాది.

మంచినీళ్లిచ్చి మెత్తగా చెప్పి చూశాను. "పోనీలెండి, పెద్దాయన కదా" అన్నాను. నేనెంత చల్లగా మాట్లాడితే ఆయనంత రాజుకున్నారు. ఇన్‌చార్జిని తిట్టడం అయింది, ఫ్యాక్టరీని తిట్టడం అయింది, కోపం చివరికి నేను వండిన పప్పు దాకా వచ్చింది.

ఆ కేకలకి మా ఇంటి ఓనరు పెద్దమ్మ వచ్చింది. ఆవిడ నోటికి జడిసి వీధి కుళాయి దగ్గర అందరూ పక్కకి తప్పుకునేవారు.

"ఏందయ్యా గీ లొల్లి? గా ఇంచార్జి ఒక్క మాటంటే నౌకరీ ఇడిసిపెడ్తవా? మా పెద్దోడు దినాం తిట్లు తినుకుంట చేస్తలేడా? పిల్లను గింత దూరం తోల్కొచ్చి ఇగ పరేషాన్ జేస్తవా? సిగ్గుండాలె! పొద్దుగాల్ల డూటీకి పో!"

మా ఆయన నోరు తెరిచారు. ఆవిడ ఇంకో రెండు మాటలు తగిలించింది. పొగ లేదు, బుస లేదు. "అది కాదు పెద్దమ్మా..." అన్నారు బడిపిల్లాడిలా.

ఆవిడ వెళ్లాక మళ్లీ మంచినీళ్లిచ్చాను. ఈసారి గ్లాసు ఖాళీ చేశారు. తెల్లారి డ్యూటీకి వెళ్లారు కూడా.

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఉత్త నీళ్లలా ఉంటే నా పొయ్యి నాకు దక్కదని కూడా అర్థమైంది. ఆ రోజు నుంచి కుళాయి దగ్గర నా బిందె పెద్దమ్మ బిందె పక్కనే పెట్టుకున్నాను.