చీర వెనక వైపు

చిట్టీ, అన్నం చల్లారిపోతోంది రావే అని పిలవడానికి నోరు ఇంకా తెరుచుకుంటూనే ఉంది. నువ్వు లేవని ఈ నోటికి ఎవరు చెప్పాలి?

చదివేవాళ్ళకి చెబుతున్నాను. మా అమ్మాయి పోయిన నెలలో పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాము. జ్వరం దిగలేదు, పిల్ల ఇంటికి రాలేదు. నేను చదువుకున్నదాన్ని కాదు, ఐదో తరగతితో మాన్పించారు. ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్ కుడతాను. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా అమ్మాయి ఫోన్లో షాపులు కట్టేది. కట్టడం అని నేనంటాను, అది డిజైన్ అనేది. ముందు కర్రీ పాయింట్లకీ ట్యూషన్లకీ చేసింది. తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర ఖరీదైన పట్టుచీరలు, పెళ్ళి బట్టలు అమ్మే ఒక మేడమ్ గారు, ఎక్కడివాళ్ళైనా ఇంట్లో కూర్చుని కొనుక్కునేలా ఆన్‌లైన్ షాపు చేసిపెట్టమని దీనికి అప్పగించారు. అంత పెద్ద పని అదే మొదటిసారి. ఆ రోజు ఇంట్లోకి వస్తూనే నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. చేతిలో సూది ఉందే, గుచ్చుకుంటుందే అని నేను మొత్తుకుంటూనే తిరిగాను.

వాళ్ళ నాన్న గవర్నర్‌పేటలో బట్టల షాపులో సేల్స్‌మన్. రోజంతా చీరలు విప్పి, మడిచి వచ్చే మనిషి. సాయంత్రం రాగానే కూతురిని ఆటపట్టించడం ఆయనకి కాఫీ లాంటిది.

"చీర భుజం మీద వేసి చూపించకపోతే మనూళ్ళో ఎవరు కొంటారే? నీ ఫోను వేసుద్దా భుజం మీద?"

"నిన్ను తీసుకెళ్ళి ఆ ఫోన్లో కూర్చోబెడతాలే నాన్నా."

"కూర్చుంటాలే. మధ్యలో టీ ఎవరిస్తారు?"

షాపు ఒక రూపానికి వచ్చాక, నేను ఫాల్ కుడుతుంటే ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నువ్వే నా మొదటి కస్టమరువి. ఏదైనా నచ్చితే చూడు" అంది. తేనె రంగు పట్టుచీర ఒకటి నచ్చింది. చూస్తూ చూస్తూ బొటనవేలూ చూపుడువేలూ ఆ బొమ్మ మీద పెట్టి, అంచు పట్టుకుని తిప్పబోయాను. బొమ్మ చిన్నదైపోయింది. పాడు చేశానేమోనని ఫోను కింద పెట్టేశాను.

ప్రతిదానికీ నవ్వే పిల్ల, నవ్వలేదు. "ఏం చూద్దామని అమ్మా?" అని అడిగింది.

"ఏముంది, తిరగేసి వెనక చూద్దామని."

మీకు తెలియనిది కాదు. చీర చేతికి వస్తే మన ఆడవాళ్ళం ముందు చేసేది అంచు తిరగేయడమే. జరీ వెనక దారాలు ఎలా ఉన్నాయి, బుటా దగ్గర వదులుగా వదిలేశారా, గాజు తగిలితే లేచిపోతుందా అని చూస్తాం. కొనే స్తోమతు లేనివాళ్ళం కూడా తిరగేసే చూస్తాం. ఇక నా పనైతే మొత్తం వెనక వైపే. ఫాల్ వేసేది అటేగా.

చాలాసేపు నా పక్కనే కూర్చుని నా సూదినే చూసింది. తర్వాత వెళ్ళి చేసిందంతా మళ్ళీ మొదలుపెట్టింది. రెండు వేళ్ళతో చీర అంచు పట్టుకుంటే చీర తిరగబడి వెనక వైపు కనపడాలి. అదీ దాని పట్టుదల.

మేడమ్ గారికి నచ్చలేదు. ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంటే నేనూ విన్నాను.

"ఇంత ఖరీదైన చీరకి వెనక దారాలు చూపిస్తే అందం పోదూ? పెద్ద పెద్ద షాపులవాళ్ళే చూపించట్లేదు కదమ్మా."

"మేడమ్, మీ షాపుకొచ్చి తిరగేసి చూడకుండా ఎవరన్నా కొన్నారాండీ?"

"చేతిలో ఉంటది కాబట్టి చూస్తారమ్మా."

"చేతిలో లేదు కాబట్టే చూపిద్దామంటున్నానండీ."

సరే, కొన్ని చీరలకి చేసి చూపించు, ఉంచాలో తీసేయాలో అప్పుడు చెబుతానన్నారు మేడమ్ గారు. ఫోను పెట్టేశాక పిల్ల నాతో అంది, "వద్దంటే తీసేస్తానమ్మా. కానీ అప్పుడది అందరి షాపుల్లాంటి షాపే. నేను చేసిందేం ఉండదు."

మేడమ్ గారి దగ్గర చీరలు తెచ్చుకుని, వెనక వైపు ఫొటోలు మా డాబా మీదే తీసింది. థర్మల్ కరెంటు ప్లాంటు నుంచి డాబా మీద పడే బూడిద చీరకి అంటుద్దని ఉతికిన దుప్పట్లు పరిచి, పొద్దున్నే, ఎండ మెత్తగా ఉన్నప్పుడే తీసేది. చీర ఎగరకుండా మూల పట్టుకోవడం నా పని. కింద ఇడ్లీలు చల్లారిపోయేవి.

"రెండు ముక్కలు తినొచ్చి తియ్యవే."

"ఎండ ముదిరితే రంగు మారిపోద్దే అమ్మా. ఇదొక్కటీ అయిపోనీ. నీ వేలు కొంచెం పక్కకి తియ్యి."

"వెనక వైపుకి ఇంత సోకెందుకే?"

"కనపడని వైపేగా అమ్మా ఒంటికి తగిలేది."

ఈ మాట అన్నప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ఫాల్ కుట్టడానికి చీర తిరగేసినప్పుడల్లా వినపడుతుంది.

చేసినవి మేడమ్ గారికి పంపిన వెంటనే జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో కూడా, కాస్త తెలివి వచ్చినప్పుడల్లా "మేడమ్ ఏమన్నా చెప్పారా?" అని అడిగేది. ఒంట్లో బాగోలేని పిల్లని పని మాటలతో ఎందుకు కదిలించడమని ఆవిడ ఆగారట. ఆవిడ తప్పు లేదు. సరిగ్గా తినకనే ఇలా అయిందా అని డాక్టరు గారిని అడిగాను. కాదమ్మా, జ్వరం అలాంటిది అన్నారు. నమ్మాను. అయినా ఆ చల్లారిన ఇడ్లీలు నా కళ్ళ ముందు నుంచి పోవు.

పెద్దకర్మ అయ్యాక మేడమ్ గారు ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని నా పక్కన చాప మీద కూర్చున్నారు. ఇద్దరం ఏడ్చాక, అడగకూడదేమో అనుకుంటూనే అడిగాను.

"ఆ వెనక వైపు ఉంచారాండీ?"

ఆవిడ ఫోను తీసి నా చేతిలో పెట్టారు. అదే తేనె రంగు చీర. అంచు పట్టుకున్నాను. చీర తిరగబడింది.

"అన్ని చీరలకీ పెట్టిస్తున్నానండీ. మీ అమ్మాయికి ముందే చెప్పి ఉండాల్సింది" అన్నారు ఆవిడ.

అప్పుడు చూశాను. బొమ్మలో ఒక మూల, అంచు నొక్కిపట్టి, నా బొటనవేలు. సూది పోట్లతో గరుకెక్కిన వేలు, నాదే. మిగతా చీరలు తీస్తున్న ఫొటోగ్రాఫరు, వేలు లేకుండా ఇదీ మళ్ళీ తీస్తానంటే వద్దన్నారట మేడమ్ గారు. మా ఆయన వంగి చూసి, "నన్ను కూర్చోబెడతానని చెప్పి నిన్ను కూర్చోబెట్టిందే" అని గోడ వైపు తిరిగిపోయారు.

ఆ బొమ్మలో మా అమ్మాయి లేదు. చీరకి ఈ మూల నేనున్నాను, ఎదురుగా అది నిలబడి తీస్తోంది. ఇక ఆ చీర తిరగేసి చూసేవాళ్ళు ఎవరైనా, ఏ ఊళ్ళో ఉన్నా, మా డాబా మీద అది నిలబడ్డ చోటే నిలబడి చూస్తారు. నా వేలి ఎదురుగా.

అక్కడ నిలబడ్డ పిల్ల పొద్దున్నే ఏమీ తినలేదు. మీరు తినండి. వేళకి, వేడిగా ఉండగానే, కడుపునిండా తినండి.