నక్షత్రం కింద ఎర్ర వరస

అమెరికాలో, నెబ్రాస్కాలోని మా కౌంటీలో వెర్లిన్ హ్రుస్కా రాసిన అక్షరం చూడని మనిషి ఉండడు. ధాన్యం గోదాముల మీద, పాల బళ్ళ మీద, మాంసం కొట్టు అద్దం మీద నలభై ఏళ్ళు రాశాడు. తర్వాత యంత్రం కోసిన ప్లాస్టిక్ అక్షరాలు వచ్చి ఆ పని పోయింది. డెబ్బయ్యో ఏట అతని చేతిలో మిగిలినవి పాత పెట్రోలు పంపుల నెత్తిన వెలిగే గాజు దీపాలు. ఇనుప చట్రానికి అటొకటి ఇటొకటి గుండ్రటి గాజు బిళ్లలు, లోపల బల్బు, బిళ్ల మీద కంపెనీ పేరు. సరదాకి సేకరించేవాళ్ళు వాటిని కొట్టాల్లోంచి బయటికి తీసి తెచ్చేవారు. చెదిరిన అక్షరాలను వెర్లిన్ మళ్ళీ నిలబెట్టేవాడు.

కంపెనీ కొలిమిలో కాల్చి అంటించిన రంగు దేనికీ లొంగదు. చేత్తో పూసిన రంగు సబ్బునీళ్ళకే లేచిపోతుంది. ఏది ఏదో తేల్చుకోడానికి వెర్లిన్ వేలికి ఉమ్మి తడి చేసుకుని అక్షరం అంచున రుద్దేవాడు. వేలికి రంగు అంటిందంటే, ముందు పల్చటి కాగితం పరిచి నకలు తీసుకోవాలి. ఆ తర్వాతే నీళ్ళు. పదేళ్ళలో ఒక్క అక్షరం కూడా పోగొట్టలేదు.

1996 ఏప్రిల్లో ఆర్డిత్ వెసెల్స్ అనే అరవై నాలుగేళ్ళావిడ నలభై మైళ్ళ అవతలి ఊరి నుంచి ఒక దీపం తెచ్చింది. ముప్పై ఏళ్ళు కోళ్ళగూట్లో పడి ఉందట. మసీ రెట్టా పట్టిన బిళ్ల మీద నీలం నక్షత్రం తప్ప ఇంకేమీ కంటికి ఆనడం లేదు.

"కడిగి ఇవ్వండి చాలు. అక్షరాల జోలికి మాత్రం పోవద్దు" అంది.

"అక్షరాల జోలికి పోకపోతే మా ఆవిడ నన్ను ఇంట్లో ఉండనివ్వదమ్మా. రోజంతా కాళ్ళకి అడ్డం పడతానంటుంది."

ఆవిడ వెళ్ళాక నక్షత్రం అంచున ఉమ్మి వేలు పెట్టి చూశాడు. రంగు అంటలేదు. సబ్బునీళ్ళు పోసి రుద్దాడు. బిళ్ల కింది భాగంలో రుద్దుతుంటే గుడ్డ ఎర్రబడింది. ఇనుప చట్రం తుప్పు ఎప్పుడూ అలాగే కారుతుంది, ఇదీ అదే అనుకున్నాడు. గుడ్డ పిండి, ఇంకాస్త గట్టిగా రుద్దాడు.

శనివారం ఆర్డిత్ వచ్చింది. బిళ్లను చూసింది. దీపాన్ని తిప్పి అవతలి వైపు చూసింది. మళ్ళీ ఇటు తిప్పింది.

"కింద ఎర్ర వరస ఏది?"

"ఎర్ర వరసా?"

"'వెసెల్స్ అండ్ డాటర్.' మా నాన్న రాసింది."

పెట్రోలు బంకు నడిపిన తండ్రి గెర్హార్డ్‌కి కొడుకుల్లేరు. పద్నాలుగేళ్ళప్పుడు ఆర్డిత్ బడి అవగానే వచ్చి కార్లకు పెట్రోలు పట్టడం మొదలుపెట్టింది. ఒక పొద్దున ఆయన ట్రాక్టరుకి వేయగా మిగిలిన ఎర్రరంగు తీసుకుని నిచ్చెనెక్కి, రోడ్డు వైపు బిళ్ల మీద, నక్షత్రం కింద ఆ మాట రాశాడు. ఆ దారిలో ఏ బంకు చూసినా 'అండ్ సన్స్' అనే ఉండేది. పెట్రోలుకి ఆగినవాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

"నోటితో ఆయన ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు" అంది ఆర్డిత్. "నన్ను మెచ్చుకున్నది అక్కడొక్క చోటే."

వెర్లిన్ భార్య లోరీన్ గుమ్మంలోంచి వింటోంది. "ఉమ్మి వేలు పెట్టావా లేదా?" అని అడిగింది.

"పెట్టాను. నక్షత్రం మీద."

"నక్షత్రం మీదా! కంపెనీవాళ్ళ నక్షత్రం ఎక్కడికి పోతుందయ్యా!"

వెర్లిన్ దీపాన్ని తనవైపు తిప్పుకుని నక్షత్రం కింద వేలితో తడిమాడు.

ఆర్డిత్ దగ్గర ఆ పంపువి రెండు ఫొటోలున్నాయి. ఒకదాంట్లో గాజు మీద ఎండ పడి అంతా తెల్లగా ఉంది. రెండోది వెనక వైపు నుంచి తీసింది. ఆ వరస మళ్ళీ రాసిస్తానని, ఆవిడ చెప్పిన గుర్తుల్ని బట్టి వెర్లిన్ వేరే గాజు ముక్క మీద రాసి చూపించాడు.

"ఇది బ్యాంకు బోర్డులా ఉంది" అంది ఆవిడ. "నాన్నవి వంకర అక్షరాలు."

వంకరగా రాయబోయాడు. నలభై ఏళ్ళు సరళరేఖకు అలవాటుపడ్డ చెయ్యి, ఎంత వంచినా చివరికొచ్చేసరికి నిటారుగా లేచింది. ఎడం చేత్తో ప్రయత్నించాడు.

"ఇది తాగినవాడు రాసినట్టుంది. మా నాన్న జన్మలో తాగలేదు."

"డబ్ల్యూ ఎటు వాలేదమ్మా?"

"ఇటు. కాదు, ఉండండి... అటు."

మూడు శనివారాలు గడిచాయి. కిటికీ వారన ఏడు గాజు ముక్కలు చేరాయి. ఆర్డిత్ కుర్చీ లాక్కుని వాటి ముందు చాలాసేపు కూర్చుంది.

"నాలుగోది కొంచెం... కాదు, రెండోది. ఆపండి వెర్లిన్ గారూ."

"ఇంకొక్కటి చూద్దాం. ఈసారి సన్న కుంచెతో..."

"కళ్ళు మూసుకుంటే మీ అక్షరాలే కనిపిస్తున్నాయి. ఇంకొకటి రాశారంటే నాకు గుర్తున్న ఆ కాస్తా పోతుంది."

వెర్లిన్ కుంచె కింద పెట్టాడు. దీపాన్ని పాత బొంతలో చుట్టి ఆవిడ బండి ముందు సీట్లో పెట్టాడు. నక్షత్రం కింద గాజు తెల్లగా, శుభ్రంగా ఉంది. ఆవిడ థాంక్స్ చెప్పి మరీ వెళ్ళింది.

"తిట్టి ఉంటే బాగుండేది" అన్నాడు లోపలికొచ్చి.

"నేను తిట్టనా?" అంది లోరీన్.

"నువ్వు రోజూ తిడతావు. అది లెక్కలోకి రాదు."

బ్లేడు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఏడు గాజులూ ఒక్కొక్కటే గీకడం మొదలుపెట్టాడు.