యముడు ఇచ్చిన పదేళ్లు

గుండె దిటవు లేనివాళ్లు పక్కన ఉంటే కాస్త అవతలికి పంపించండి. వాకాడు తీరంలో నేను యమధర్మరాజునై ఒక నిండు ప్రాణం మీదికి తెచ్చిన ఘోరం చెప్పబోతున్నాను.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పటికే నాకు అరవై దాటినా బుద్ధి ఇంకా పాలపళ్ల దగ్గరే ఉంది. గూడూరు కుర్రాళ్లు సెల్‌ఫోనుతో ఒక నవ్వుల సినిమా తీయడానికి మా ఊరొచ్చారు. ప్రాణం తీసుకుపోవడానికి యముడూ, కానుక ఇచ్చిపోవడానికి క్రిస్మస్ తాతా ఒకే గుమ్మం ముందు ఎదురుపడతారు. ముందు తలుపెవరు తట్టాలని తగువు. అదీ కథ. తాత వేషం దర్జీ మస్తాన్‌భాయ్‌ది. యముడిగా వేలమందిలోంచి నన్ను ఏరుకున్నారు. సరే, వేలమంది లేరు. మీసమూ తీరికా రెండూ ఉన్నవాణ్ని నేనొక్కణ్నే.

దున్నపోతు దొరక్క మా ఊరి రమణమ్మ పాడిబర్రెను మాట్లాడారు.

"బర్రె ఎక్కడం వచ్చా పెద్దాయనా?" అన్నాడు డైరెక్టరు.

"వచ్చా అని అడుగుతావా? చిన్నప్పుడు బర్రె మీదే బడికి పోయినోణ్ని!"

బర్రె ఎక్కిందీ లేదు, బడికి సరిగా పోయిందీ లేదు.

"పాలు పిండే వేళకి తోలుకురా అన్నా," అంది రమణమ్మ. "ఆ వేళయితే అది ఎవురి మాటా వినదు."

నేను డైలాగు మర్చిపోవడం, మళ్లీ మొదలుపెట్టడం, దీనితోనే పొద్దువాలింది. ఆఖరికి బర్రె మీద కూర్చుని గద ఎత్తి గర్జించాను. నా గర్జన సముద్రం వైపు, బర్రె నడక ఊరి వైపు.

"ఆపన్నా!" అని అరిచాడు మస్తాన్‌భాయ్.

"బ్రేకు యాడుందో చెప్పు భాయ్!"

అది నన్ను ఎరువు బస్తాలా మోసుకుపోయి రమణమ్మ పంచ ముందు ఆగింది. పంచలో మంచం మీద ఆమె అత్త పెంచలమ్మవ్వ. గుండెజబ్బు మనిషి, చూపు మసక. కిరీటం, గద, బర్రె. మసకచూపుకి ఆ మాత్రం చాలు. నా గుండె ఆగింది, ఆమెది ఆగలేదు.

"వచ్చినావా సామీ," అంది తీరిగ్గా. "రవ్వంత కూర్చో. కోడలు పాలు పిండినాక కాఫీ తాగి పోదాం."

కిరీటం తీసి పేరు చెప్పాల్సింది. వేషం ఊరుకోనిస్తేనా!

"దారి తప్పి వచ్చినా అవ్వా. నీకింకా పదేళ్లుండాయి."

"నిజమా?"

"యముడి మాట!"

మర్నాడు రమణమ్మ మా ఇంటి మీదికొచ్చింది. "ఏం చెప్పినావన్నా మా అత్తకి? పదేళ్లు ఢోకా లేదని మాత్ర ముట్టడంలా! మానితే ప్రాణానికే మోసమన్నాడు డాక్టరు!"

నా నవ్వు ఆరిపోయింది. పరుగెత్తాను.

"ఆ యముణ్ని నేనే అవ్వా."

"పోరా అబ్బయా! ఆ సామి ఎంత హుందాగా ఉండాడు, నువ్వెంత!"

మళ్లీ కిరీటం పెట్టుకెళ్లి, మాత్రలేసుకుంటేనే పదేళ్లన్నాను. "మాట మార్చేవాడు యముడెట్టయితాడు?" అని అటు తిరిగి పడుకుంది.

ఇక మస్తాన్‌భాయే దిక్కయ్యాడు. ఎర్రకోటుతో వచ్చి సంచిలోంచి మాత్ర తీశాడు.

"ఎవురు నాయనా?"

"ఊరికే ఇచ్చిపోయేవాణ్ని అవ్వా."

"అట్టయితే ఇయ్యి," అని నోరు తెరిచింది.

సినిమా మధ్యలోనే ఆగిపోయింది గానీ, ఆ ఎర్రకోటు మాత్రం రోహిణి ఎండల్లోనూ ఆగలేదు. రోజూ సాయంత్రం అతను మాత్రతో, నేను కిరీటంతో, అవ్వ మంచానికి చెరోవైపు. పదేళ్లే ఎందుకన్నానంటారా? ఆమె అంత నిబ్బరంగా ప్రయాణానికి సిద్ధపడడం చూసి, నేనైతే ఎన్నేళ్లు అడుక్కుంటానో అన్నీ ఇచ్చేశాను.

మొన్న అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మస్తాను గొంతు నేనెరగనా అబ్బయా? నా రవికలన్నీ కుట్టింది ఆయనే గదా. ఇద్దురూ పొద్దుగూకితే వస్తా ఉండారని ఊరుకున్నా." పట్టుకున్న చెయ్యి వదలకుండానే అడిగింది. "ఆ పదేళ్లూ అయిపోవస్తే మళ్లా బర్రె ఎక్కతావా?"

కనుక పాఠకమహాశయులారా, ఈ జన్మలో మళ్లీ బర్రె ఎక్కనని సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ ఒక్కసారికి తప్ప.