మూతకు సందులుండయా?

ఆ రోజు మా లైబ్రరీలో నవ్వినవాళ్ల మాటే చివరి మాటగా మిగలకూడదని ఇది రాస్తున్నాను.

అక్కడికి వచ్చే ఒకాయన శ్రీరాంపూర్ బొగ్గు గనిలో గాలి రాకపోకలు చూసే కార్మికుడు. ఎక్కడ కూర్చున్నా చిటికెడు దుమ్ము వదిలి, గాలి ఎటు పోతుందో చూసేవాడు.

నేను పుస్తకాల్లో చదివింది రాసుకొచ్చి అందరికీ వినిపిస్తున్నాను: ఉష్ణమండలంలో పెద్ద వాన మేఘాల నుంచి పుట్టిన గాలి అలలు పైకి పోయి విరిగినప్పుడు, ట్రోపో ఆవరణం గాలి కొంత పైనున్న స్ట్రాటో ఆవరణంలోకి చేరుతుంది.

ఒక లెక్చరర్ లేచాడు. "రెండింటి నడుమ చల్లటి పొర మూత లెక్క ఉంటది. గాలెట్ల దాటుతది? పదో తరగతి చదివినోనివి, కూసో." అందరూ నవ్వారు. నేను కాగితం మడిచాను.

అప్పుడు ఆ గని కార్మికుడు లేచాడు. "సార్, మీరు గనిల ఎన్నడన్న దిగిండ్రా? మేం గాలినాపే తలుపు బిగించినా, అవతల పట్టాల మీద బొగ్గు టబ్బులు ఉరికితే గాలి ఉబికి సందులల్లకెళ్లి ఇవతలికొస్తది. నా దుమ్ము రోజూ చూపెడ్తది. గా మూతకు మాత్రం సందులుండయా? చదువు తమ్మీ, ఎవడాపుతడో నేనూ చూస్త!"

చివరి దాకా చదివాను.

పుస్తకం తెప్పించిన లైబ్రేరియన్ లక్ష్మయ్యకు, బల్లలు జరిపి చోటిచ్చిన ఓదెలుకు, మళ్లీ ఒకసారి చదవమన్న రాజవ్వకు కృతజ్ఞతలు. ఆ గని కార్మికుడి పేరు కూడా రాస్తానని ఆయనతోనే అన్నాను.

"రాస్తివా, గా కాయితం చింపుత" అన్నాడు.