గమ్ము కాదు, తుమ్మబంక

1986. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో మా మందుల షాపు. ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్లు భరించి, ఇక నావల్ల కాదంది. అందుకే మందులిచ్చే పని ఫార్మసిస్టయిన మా బావగారిది, కబుర్లు చెప్పే పని నాది.

ఒకరోజు రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే సూరిబాబు, తల్లి కోసం కొన్న మందు సీసాని అలాగే తిరిగి తెచ్చాడు.

“అమ్మ తాగనంటంది అన్నా. సీసా మీద ‘గమ్’ అనుంది, నేనే సదివి సెప్పినాను. మేం లేబుళ్లు అంటించేది గమ్ముతోనే కదా!”

“అయితే పిన్ని మీద కూడా లేబులంటించీ!” అన్నాను. అతను నవ్వలేదు. వాళ్లమ్మ పైడమ్మ పిన్నికి అప్పుడే మొలల ఆపరేషనయింది. ముక్కితే కుట్లు తెగుతాయన్నాడు డాక్టరు. ఆ భయంతో ఆవిడ అన్నం కూడా మానేసింది.

బావగారిని అడిగి సంగతి తెలుసుకుని, సాయంత్రం తాల్‌బగీచాలో వాళ్లింటికి వెళ్లాను. గ్లాసుడు నీళ్లలో చెంచాడు నూనె పోసి గిలక్కొట్టాను. కాసేపటికే నూనె పైకి తేలింది.

“సూసినావా పిన్నీ? మోషన్ మెత్తగా అవడానికి మందులో లిక్విడ్ పారఫిన్ అనే నూనె ఉంది. అది నీళ్ల నుంచి విడిపోకుండా పట్టి ఉంచేదే ఈ గమ్ము. ఎమల్సిఫయర్ అంటారు. దానంతటది ఏ రోగాన్నీ తగ్గించదు.”

“పని సెయ్యనిదాన్ని ఎందుకెయ్యడం?”

“అది లేపోతే ఒక సెంచాలో ఉత్త నూనె, ఇంకో సెంచాలో ఉత్త నీళ్లు వస్తాయి.”

“అది సరే. గమ్మంటే ఏటి? దేంతో సేస్తారు?”

“తుమ్మబంక, పిన్నీ.”

ఆవిడ మొహం విప్పారింది. “ఓర్నీ, బంకా! సిన్నప్పుడు తుమ్మసెట్ల కాడ గిల్లుకుని బుగ్గనెట్టుకునేవోళ్లం. ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదరా!” అని చెంచా అందుకుంది.

రెండ్రోజుల తర్వాత సూరిబాబు మా షాపు ముందు నుంచి సైకిల్ దిగకుండానే అరిచాడు: “లైన్ క్లియర్ అన్నా!”

అప్పటినుంచి సీసా మీది పేరు ఎవరడిగినా, దాన్ని వాళ్లింట్లో ఏమంటారో ముందు వెతుక్కుంటాను. సగం భయం పేరులోనే ఉంటుంది.

కోలుకున్నాక పిన్ని షాపుకొచ్చింది. “సూసినావా, పని సెయ్యనిదే ఎంత పని సేసిందో!” అని గొప్పలు పోయాను.

ఆవిడ లోపల మందులు కడుతున్న బావగారిని చూసింది, కుర్చీలో కూర్చున్న నన్ను చూసింది.

“అవున్రా నాయినా. ఈ షాపుకి నువ్వే బంకవి.”