విజయ మేడమ్ మీదేసుకున్న నింద

మా ఇంటి కింద దుకాణం షట్టరుకు ఈ సాయంత్రం గ్రీజు పూశారు. ఆ వాసన మెట్లెక్కి వచ్చేసరికి, పాపకు అన్నం తినిపిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. విజయ మేడమ్ చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి. మా కాలేజీ అమ్మాయిలకు ఆమె రోయింగ్ కోచ్. తెడ్లు తిరిగేచోట తానే గ్రీజు పూసి, ఆ చేతులతోనే మా భుజాలు సరిచేసేవారు. మా తెల్ల టీషర్టులన్నిటికీ మరకలే.

ఆమెది సైదాబాద్. తండ్రి కానిస్టేబుల్. తన చదువు రోజుల్లో, అబ్బాయిలు దిగి పడవ ఖాళీ అయ్యేదాకా గట్టు మీద కూర్చునేవారట. అందుకేనేమో, కోచ్ అయ్యాక హుస్సేన్‌సాగర్‌లో మొదటి వంతు మాకే ఇప్పించేవారు. కొత్తగా చేరిన పిల్లకు వెంటనే తెడ్డు ఇచ్చేవారు కాదు. పడవెక్కించి, గట్టు పక్కనే కావాలని తిరగేసేవారు. లాల్‌దర్వాజాలో మా గల్లీ పిల్లే శిరీష, బాగా ఈత వచ్చినది. తన వంతు వచ్చిన రోజు నీళ్ళలోంచి లేచి, "మేడమ్, నేను ఇంట్ల తానం జేసే వచ్చిన," అంది.

"సబ్బు పెట్టలే గద. ఇంకోసారి మునుగు," అన్నారు మేడమ్. తర్వాత నవ్వు ఆపి, రోజూ చెప్పేదే చెప్పారు. "పడవ తిరగబడితే దాన్నే పట్టుకోని ఉండుర్రి. అది మునగదు. ఈతొచ్చిన పోరి గూడ ఇడిచిపెట్టొద్దు."

మరుసటి ఎండాకాలం, నడి చెరువులో గాలిదుమారం లేచి మా పడవ తిరగబడింది. అందరం దాన్ని పట్టుకుని వేలాడాం. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడ్వకే, నేను పోయి మేడమ్‌ను తోల్కొస్త," అని శిరీష చెయ్యి వదిలింది. మేడమ్ మోటారు బోటు మమ్మల్ని చేరేసరికి శిరీష ఎక్కడా లేదు.

ప్రిన్సిపాల్ గదిలో, శిరీష తల్లి ఎదుట, మేడమ్ ఒక్కటే మాట అన్నారు. "పడవ ఇడువొద్దని నేను పిల్లలకు చెప్పలే సార్. తప్పు నాదే."

బయటికి రాగానే ఆమె చెయ్యి పట్టుకున్నాను. "రోజూ చెప్పిన్రు గద మేడమ్."

"నువ్వు నోరు మూసుకో. వాళ్ళమ్మ రేపు మంచంల నుంచి లేవాలె. తిట్టనీకి నేనుంటే లేస్తది. బిడ్డదే తప్పంటే ఎట్ల లేస్తదే?"

ఆమె మళ్ళీ పడవ ముట్టలేదు. మా కాలేజీలో అమ్మాయిల జట్టు కూడా ఆమెతోనే పోయింది. ఓ చిన్న బడిలో పిల్లలకు డ్రిల్లు చెప్పుకుంటూ ఉండిపోయారు. శిరీష తల్లి నల్లా దగ్గర, గుడి దగ్గర, ఎవరు కనబడితే వాళ్ళకు చెప్పి మేడమ్‌ను తిట్టేది. తిడుతూనే వంట చేసుకుంది, తిడుతూనే చిన్న కొడుకు పెళ్ళి చేసింది. నేను ఆ పక్క నుంచే తల వంచుకుని నడిచేదాన్ని.

ఆ తల్లి ఈమధ్యే పోయింది. పాపను ఎత్తుకుని ఆ సంగతి చెప్పడానికి సైదాబాద్ వెళ్ళాను. మేడమ్ జుట్టు పూర్తిగా నెరిసింది. సంగతి విని, "ఆఖరుకు గూడ తిట్టిందా?" అని అడిగారు.

"తిట్టింది మేడమ్."

"మంచిది," అన్నారు.

పాప బడి ఆటో కాస్త ఆలస్యమైతే చాలు, నా ప్రాణం నిలవదు. తిట్టడానికి ఒక మనిషి కావాలని నోరు వెతుక్కుంటుంది. ఆటో భాయ్ వచ్చి, "చాంద్రాయణగుట్ట కాడ మస్తు ట్రాఫిక్ అక్కా," అంటాడు. పాపను దించుకుంటాను. మేడమ్ గుర్తొచ్చి, అతన్ని ఏమీ అనలేను.