మంచు బండి శుక్రవారాలు

అమ్మ గాజుల పెట్టె మూత తీస్తే ఇప్పటికీ ముందు తగిలేది గంధం వాసన కాదు, నూనె వాసన. వంటనూనె కాదు, బండ్లలో పోసే జిగట నూనె. ఎరుపు, ఆకుపచ్చ మట్టిగాజుల అడుగున దూదిలో చుట్టి, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదైన నల్ల రబ్బరు రింగు ఒకటుంటుంది. అమ్మ పోయాక ఆ పెట్టె నా దగ్గరికి వచ్చింది. మొన్న మా అమ్మాయి ఆ రింగు తీసి, "ఇదేంటమ్మా, కుక్కరుదా?" అని అడిగింది. కాదే, మీ చిన్నమ్మమ్మది అన్నాను. రింగుని మళ్ళీ దూదిలో చుట్టేశాను.

తొంభైల చివర్లో మేం కువైట్‌లోని రిగ్గైలో, గాలి కంటే ఇసుక ఎక్కువగా వచ్చే కిటికీలున్న రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళం. నాన్న అర్దియాలో ఒక గ్యారేజీలో మెకానిక్కు. ఆయన సాయంత్రం మెట్లెక్కి వస్తుంటే గ్రీజు వాసన ముందొచ్చి, ఆ వెనక ఖుబ్జు రొట్టెల వేడి వాసన వచ్చి, ఆ తర్వాత ఆయన వచ్చేవాడు. చలికాలం రాగానే అమ్మ బాల్కనీలో ఎండ పడే జానెడు చోటులో వడియాలు పెట్టేది. వేసవి ముందు దుమ్ము లేచే రోజుల్లో ఆకాశం పసుపు నీళ్ళ రంగుకి తిరిగేది, మేం తలుపుల సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కి, లోపల కూర్చుని గవ్వలకి బదులు ఖర్జూరం గింజలతో ఆడుకునేవాళ్ళం. కోనసీమ నుంచి ఎవరైనా వస్తే సంచిలో కొబ్బరి లౌజు వచ్చేది. అమ్మ దాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి మాకు పెట్టి, రెండోది డబ్బాలో దాచేది. అది సత్తి పిన్నికి.

సత్తి పిన్ని అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంటకీ పనికీ కుదిరింది. మా ఇంటి నుంచి కారులో కాసేపటి ప్రయాణం. అయినా మా ఊరికి ఉత్తరం చేరినంత సులువుగా కూడా అమ్మ ఆమెను చేరలేకపోయేది. ఆ రోజుల్లో ఇంటి పనివాళ్ళకి సెలవంటూ ఉండేది కాదు. చుట్టాలు దగ్గర్లో ఉన్నారంటే పారిపోతుందేమోనని యజమానులకి బెంగ, అందుకే ఏజంటు ముందే చెప్పి పంపాడు, నీకిక్కడ ఎవరూ లేరని చెప్పమని. పిన్ని అలాగే చెప్పింది. లౌజు డబ్బాలో బూజు పట్టేది.

ఆ ఇంటాయన అమెరికాలో చదువుకుని వస్తూ వస్తూ, అక్కడి ఇంటి సామానంతా ఓడలో వేయించి తెచ్చుకున్నాడట. అందులో ఒక తోట ట్రాక్టరు, దాని ముందు తగిలించే మంచు చిమ్మే యంత్రం కూడా వచ్చేశాయి. పెద్ద డబ్బా నోరు, లోపల మరచుట్టులా తిరిగే పళ్ళు, పైన ఏనుగు తొండంలా ఒక గొట్టం. కువైట్‌లో మంచెక్కడ? కానీ ఆయనకి దాని మీద మమకారం. దుమ్ము తుఫాను వెళ్ళిన మర్నాడు గేటు ముందు మేటవేసిన ఇసుకని దానితో చిమ్మించేవాడు. ఇసుక తిని తిని అది ఎన్నాళ్ళు బాగుంటుంది? యంత్రాన్ని పైకెత్తి పట్టుకునే హైడ్రాలిక్ లిఫ్టు నీరసించింది. ఎత్తితే ఎత్తుతుంది, నిలబడదు. షెడ్డు నుంచి గేటు దాకా వచ్చేలోపు మెల్లగా కిందికి దిగిపోయి, ఇంటావిడ ముచ్చటపడి వేయించుకున్న తెల్ల టైల్స్ మీద గీతలు పెట్టేది.

పిన్ని ఆ గీతల్ని చూసింది, మా నాన్న గుర్తొచ్చాడు. "మామా, మా బెలద్ మెకానిక్కు ఒకాయనున్నాడు, మంచోడు" అని ఇంటావిడతో చెప్పింది. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అనే పిలుస్తారు, బెలద్ అంటే సొంత దేశం. ఇంటి డ్రైవరు సుబ్బరాయుడన్న, కడప జిల్లా మనిషి, గ్యారేజీకి వచ్చి నాన్నని పట్టుకున్నాడు. "సామీ, మా ఇంట్లో ఒగ బండుంది. దాన్ని జూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో నీకే తెలుస్తాది. శుక్రవారం రా. ఇంటోళ్ళను గూడా తోడుకోని రా, మామా ఏమనదు."

ఆ శుక్రవారం ముందు అమ్మ నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. "అక్కడ పిన్నీ గిన్నీ అన్నావంటే దానికి ఉద్యోగం ఉండదు. ఆంటీ అనాల. నేనూ సిస్టరనే అంటాను, ఎరికేనా?" నేను బుద్ధిగా తలూపాను. పిన్ని వంటింటి వెనక తలుపు తీసినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, "నమస్తే సిస్టర్" అనుకున్నారు. నవ్వొచ్చి చచ్చాను నేను. వాళ్ళిద్దరి కళ్ళలో నీళ్ళెందుకున్నాయో నాకప్పుడు అర్థం కాలేదు.

నాన్న పని తీరు నింపాదిగా ఉండేది. ముందు నూనె మట్టం చూశాడు, సరిగ్గానే ఉంది. బండి కీళ్ళు, లింకులు కదిపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. ఆ తర్వాత లిఫ్టు సిలిండరుని చివరిదాకా చాపి, వెనక్కి వచ్చే గొట్టం విప్పి, కింద ఖాళీ పాలడబ్బా పెట్టి, ఇంజను వేసి లీవరు లాగి పట్టాడు. రాకూడని నూనె ఆ గొట్టం దారిలోంచి ధారగా డబ్బాలో పడింది. "లోపల సీలు అరిగిపోయిందండీ, ఇసక్కి. నూనె ఇటు నుంచి అటు జారిపోతంది, అందుకే దిగిపోతంది" అన్నాడు. సీలంటే ఒక రబ్బరు రింగు. కొత్తది వెతికి తేవాలి, అప్పటిదాకా ఏదో సర్దుతానన్నాడు.

ఆ వెతకడం ఎండాకాలమంతా సాగింది. ఆ శుక్రవారాలు నా చిన్నతనంలో నాకు దొరికిన ఒకే ఒక చుట్టాలిల్లు. పై అంతస్తులో ఇంటావిడ అక్కచెల్లెళ్ళంతా పిల్లా జెల్లాతో వారం వారం భోజనాలకి వచ్చేవాళ్ళు. ఏలకులు దంచి వేసిన గహ్వా కాఫీ, ఊదు పొగ, మాంసం అన్నం వాసనలు మెట్ల మీదుగా దిగి వచ్చేవి, వాళ్ళ నవ్వులు అంతకంటే ముందు దిగేవి. కింద వంటింటి గడప మీద అమ్మా పిన్నీ కొత్తిమీర ఒలుస్తూ, పెదాలు కదిలీ కదలకుండా ఊరంతా మాట్లాడుకునేవాళ్ళు. కాలువ లాకుల దగ్గర ఈత నేర్చుకోవడం, తాతయ్య చుట్ట దాచేసి తిట్లు తినడం, అన్నీ. పెరట్లో కనార్ చెట్టు ఉండేది, అచ్చం మన రేగుపండే, కాస్త పెద్దది. కాయలు రాలే కాలం రాకపోయినా పిన్ని దాచిపెట్టిన ఎండుపళ్ళు నా గౌను జేబులో పోసేది. ఎవరూ చూడనప్పుడు నా జడ విప్పి మళ్ళీ వేసేది. అంత బిగుతుగా జడ ఇంకెవరూ వేయలేదు నాకు.

ఒకసారి గాజుల కోసం అమ్మ పెట్టె తెరిస్తే అందులో రెండు కొత్త రబ్బరు రింగులు కనబడ్డాయి. నాన్నని అడిగాను. గ్యారేజీలో విప్పిన బండిని బిగించనిదే అన్నం ముట్టని మనిషి, ఆ రోజు నా మొహం చూడకుండా, "మొదటి వారంలోనే దొరికినియ్యే. మీ అమ్మ ఇట్టా నవ్వి ఎన్నాళ్ళయిందో నీకు తెల్దులే" అన్నాడు. వారం వారం నూనెలో గాలి తీసి, లీవరు సర్ది వచ్చేవాడు. పొద్దుటి పూట చల్లగా ఉన్నప్పుడు లిఫ్టు బాగానే నిలిచేది. ఎండ ముదిరి నూనె పలచబడగానే మళ్ళీ దిగిపోయేది. ఎండకి దండం పెట్టుకున్న కుటుంబం కువైట్‌లో మాదొక్కటే అయ్యుంటుంది.

ఎండలు తగ్గుతుండగా ఇంటాయనకి విసుగొచ్చింది. ఇంకొక్క వారం చూసి, బాగుకాకపోతే తుక్కుకి వేసేస్తానన్నాడు. నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బండి పోతే ఆ ఇంటి గడప ఎటూ పోతుంది. బండి ఉంటే రేపు ఇంకేదో చెడుతుంది, మళ్ళీ పిలుస్తారు. అలా లెక్క వేసుకుని కొత్త సీలు వేశాడు. లిఫ్టు లేచి, లేచినచోటే నిలబడిపోయింది. ఇంటాయన నాన్న భుజం తట్టి, "ఖలాస్! జేన్, జేన్" అన్నాడు, పనైపోయింది, బాగుందని. దారిలో అమ్మ ఒక్కటే అంది, "అంత బాగా చేయకుండా ఉండాల్సింది మీరు." మిగిలిన రింగుని మాత్రం దూదిలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది, ఈసారి చెడితే వెతకకుండా చేతికందాలని.

అది చెడలేదు. వారాలు గడిచాయి. అట్లతద్ది దగ్గర పడింది. అక్కచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు తెల్లవారుజామున చద్దన్నం తిని, చింత కొమ్మకి కట్టిన ఉయ్యాల మీద పోటీపడి ఊగిన పండగ అది. ఆ ఏడు తద్ది శుక్రవారమే పడింది. దానికి కాస్త ముందు సుబ్బరాయుడన్న గ్యారేజీకి ఫోన్ చేశాడు. "సామీ, లిఫ్టు మళ్ళా పడిపోయె. శుక్రవారం రాబ్బా." అమ్మ మొహం చూడాలి! గోరింటాకు పొడి తడిపింది, ఉపవాసం ఉండి మరీ అట్లు పోసింది, బెల్లం ముక్క పెట్టి వాయనం కట్టింది. చంద్రుణ్ణి చూశాక ఇవ్వాల్సింది మధ్యాహ్నమే ఎలా ఇస్తావని నాన్న ఆటపట్టిస్తే, "గౌరమ్మకి కువైట్ సంగతి తెల్దేటండీ" అంది. రింగు నాన్న జేబులో పెట్టింది.

గేటు దగ్గరే సుబ్బరాయుడన్న ఎదురొచ్చాడు. నాన్న చెయ్యి పట్టుకున్నాడు కానీ అమ్మ వైపు చూడలేదు. "నిన్న వంటజేసే ఆ యమ్మను ఊరికి పంపిచ్చేసినారు సామీ. అందరూ నిద్రబోయే పొద్దులో నా కారు డిక్కీలోని స్పానరు దీసుకోని, ఆ బండి గొట్టం నట్టు వదులు జేసింది. నూనె చిమ్మి చెప్పులకంతా అయింది. ఆ చెప్పులతోనే గదిలోకి బోయింది పాపం. ఎవురు జెప్తే జేసినావని ఎంత అడిగినా నోరు తెరవలా."

తెల్ల టైల్స్ మీద ఆ అడుగులు ఇంకా ఉన్నాయి. ట్రాక్టరు దగ్గర మొదలై, వంటింటి గడప దాటి, పిన్ని గది దాకా. తుడిచినా మరక పూర్తిగా వదల్లేదు. నాన్న నట్టు బిగించి, నూనె పోశాడు. లిఫ్టు లేచింది, నిలబడింది. జేబులోని రింగుతో పనే పడలేదు. పిన్ని నాన్న పనంతా గడప మీంచి చూసింది కదా, గొట్టం విప్పితే నెలల పని పడుతుందనుకుంది. బిగిస్తే అయిపోతుందని ఆమెకి తెలియదు.

అమ్మ గడప మీద కూలబడింది, వాయనం డబ్బా ఒళ్ళో పెట్టుకుని. ఇంటావిడ కిందికి వచ్చి, లేష్, ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. అమ్మ ఆ ఇంట్లో మొదటిసారి నిజం చెప్పింది. "ఉఖ్తీ, మామా. నా చెల్లి." ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పైన ఆవిడ అక్కచెల్లెళ్ళ నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆవిడ అరబ్బీలో ఏదో అంటే సుబ్బరాయుడన్న తెలుగులో చెప్పాడు. "ఒగ మాట అడిగింటే మిమ్మల్ని నేనే పిల్సుకుందును గదా అంటాండాది మామా."

ఆ అట్లు ఇంటికి తెచ్చాం. ఎవరం తినలేదు.

పిన్ని ఊళ్ళో ఎన్నాళ్ళో లేదు, మస్కట్ వీసా మీద వెళ్ళిపోయింది. అమ్మకి లీవు దొరికిన ఏడు పిన్నికి దొరికేది కాదు, పిన్ని వచ్చిన ఏడు మాకు టిక్కెట్లు కుదిరేవి కాదు. చివరికి పిన్ని శవాన్ని పెట్టెలో తెచ్చినప్పుడు అమ్మ వెళ్ళింది. అంతకు ముందెప్పుడో ఫోన్లో పిన్ని అడగడం నేను విన్నాను. "అక్కా, ఆ తద్ది నాడు నువ్వొచ్చేవా?"  వచ్చానంటే ఇంటావిడ అన్న మాట కూడా చెప్పాలి. "లేదే సత్తీ. మాకు కబురే అందలేదు" అంది అమ్మ.

నాన్న పోయాడు, అమ్మా పోయింది. కువైట్‌లోనే ఉద్యోగం చేసుకుంటున్న నేను ఈ ఏడు తద్దికి ఆ రింగు తీసుకుని సల్వా వెళ్ళాను. ఆ ఇల్లు లేదు. దాని చోట ఫ్లాట్లు లేచాయి. కనార్ చెట్టు లేదు, తెల్ల టైల్స్ లేవు, మంచు బండి ఏ తుక్కులో కలిసిందో. రింగు నా చేతిలో పెళుసెక్కి, పగుళ్ళిచ్చి ఉంది. గేటు ముందు మాత్రం ఇసుక అప్పటిలాగే మేటవేసి ఉంది. ఆంటీ అని తప్ప పిలవనివ్వని ఆ చోట నిలబడి, వాచ్‌మన్ చూస్తున్నా సరే, పైకే అన్నాను.

"వచ్చాం పిన్నీ. ఆ రోజు మేం వచ్చాం."